హబీబా వీపు మీది వెంట్రుక

గల్ఫ్‌కి వంటపని మీద వెళ్ళే కుర్రాళ్ళు ఈమధ్య మా ఇంటికి తెగ వస్తున్నారండి. "రత్నం బాబాయ్, మాకు మజ్బూస్ నేర్పవా" అంటారు. నేర్పుతాను, దానికేం! మాంసం, బియ్యం, ఎండునిమ్మకాయ, మసాలా. బుర్రున్నవాడికి ఒక్క పూట చాలు. ఆ తర్వాత నేను అసలు ఉద్యోగం సంగతి ఎత్తేసరికి ఒకడికి ఫోనొస్తుంది, ఇంకొకడికి బస్సు టైమవుతుంది. అందుకని కూర్చుని రాసేస్తున్నాను. చదివితే చదువుతారు, లేకపోతే వాళ్ళ ఖర్మ.

నేనెప్పుడు హెడ్ కుక్కునయ్యానో, ఏ కంపెనీలో ఎంతకాలం చేశానో ఇందులో ఉండదు. అవి వింటే నాకే ఆవలింతలొస్తాయి. ఇందులో ఎలుగుబంటి ఉంది. ఖతర్ ఎడారిలో ఎలుగుబంటి ఏంటని నవ్వకండి. మొదట నేను కూడా నమ్మలేదు, జీపు ఎక్కాకే నమ్మాను.

ముందు గాలి సంగతి

నేను రాజోలు దగ్గరివాణ్ణి. దోహాలో మొదట ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక లేబర్ క్యాంపు మెస్సులో చేశాను. అక్కడ బాసు ఒక హైదరాబాదీ, ముక్కోపి. అన్నం తిన్నాక కూర రుచి చూస్తే గరిట లాక్కునేవాడు. "ఖాళీ కడుపుతో చూడు మియా, అప్పుడు ఉప్పు తెలుస్తుంది" అనేవాడు. మనిషి ఒట్టి దుర్మార్గుడు గానీ ఆ మాట మాత్రం నిజం. ఇప్పటికీ నేను వంట రుచి చూశాకే కాఫీ తాగుతాను.

తర్వాత ఒక పెద్దింటి వాళ్ళ దగ్గర చేరాను. తొంభైల్లో అక్కడి పెద్దింటివాళ్ళు చలికాలం రాగానే ఎడారిలో డేరాలు వేసేవారు. పొద్దున్నే డేగల్ని చేతిమీద పెట్టుకుని వేటకి పోవడం, మధ్యాహ్నానికి ఆకలితో ఊగిపోతూ రావడం. వాళ్ళొచ్చేసరికి పెద్ద పళ్ళెంలో అన్నం పొగలు కక్కుతూ ఉండాలి. ఆ అన్నం వండేది నేను.

ఎడారి వంటలో మీ శత్రువు గాలండి. మూత తీశారా, ఇసుక పడిందే. ఇసుక పడిన అన్నం పంటికింద కరకరమంటే పెద్దమనుషులు ఏమీ అనరు, మీ వైపు చూస్తారంతే. ఆ చూపుకి నేను మొదటి ఏడాది తిండి మానేసినంత పనైంది. కాబట్టి పొయ్యి గుంటలో తవ్వండి, గాలి వచ్చే వైపు బండిని అడ్డం పెట్టించండి. ఇంకో సంగతి. గాలి మీ వంట వాసన ఎటు మోసుకుపోతుందో చూసుకోండి. ఇది ఏ బాసూ నేర్పలేదు, ఎలుగుబంటి నేర్పింది.

అర్బాబ్, రాజన్న

మా యజమాని అబూ ఖాలిద్. ముఐథర్‌లో ఇల్లు. అర్బాబ్ అని పిలిచేవాళ్ళం. భారీ మనిషి, గడ్డం సగం నెరిసింది, వేటంటే ప్రాణం. ఆ ఏడాది మోకాలు నొప్పి వచ్చి డాక్టరు కదలొద్దన్నాడు. దాంతో అల్లుళ్ళూ తమ్ముళ్ళూ వేటకి పోతుంటే తను డేరాలో దిండ్లకి ఆనుకుని అందరి మీదా విసుక్కునేవాడు. ఎక్కువగా నా మీద. టీలో చక్కెర తక్కువైందని ఒకసారి, అదే టీలో ఎక్కువైందని ఒకసారి.

డేరాలు కట్టడం, కట్టెలు, నీళ్ళు చూసే మనిషి రాజన్న. జగిత్యాల వైపువాడు. బక్కగా, పొడుగ్గా, పెద్ద మీసంతో ఉండేవాడు. పనిలో రాక్షసుడు. నోరు మాత్రం మధ్యాహ్నం దాకా విప్పడు. విప్పాడంటే ఒకటే మాట, వాళ్ళ అమ్మాయి సుజాత.

అతను దుబాయ్ పోయాడని వాళ్ళ ఊళ్ళో అనుకునేవారు. ఖతర్ అని ఎంత చెప్పినా దుబాయే. ఆ పిల్ల కడుపులో ఉండగా వచ్చాడు. పిల్లకి మాటలొచ్చాక మొదటిసారి సెలవు మీద వెళ్ళాడు. వెళ్ళగానే ఎత్తుకోబోతే కెవ్వుమని అరిచి నాయనమ్మ కొంగులో దూరిపోయిందట. సెలవంతా అంతే. ఇతను గడప దాటితే చాలు, ఏడుపు. అన్నం తింటుంటే మీసం చూసి ఏడుపు. మీసం తీసేస్తే ఇంకా ఎక్కువ ఏడుపు!

"నిమ్మకాయలు తిప్పినం, మసీదు కాడ ఊదిపిచ్చినం, ఏం జేసిన పోలేదన్నా" అనేవాడు. "నేనంటే పిల్లకు బుగులు. వచ్చే నెల మల్ల పోతున్న గద. మల్ల గట్లనే ఏడిస్తె నేను ఎవ్వలి కోసం ఈడ ఇసుకల పడి సస్తున్న, చెప్పు?"

"దేవుడున్నాడు, ప్రార్థన చేస్తాలే" అనేవాణ్ణి. చేసేవాణ్ణి కూడా.

బెల్లం మర్చిపోయిన క్రిస్మస్

క్రిస్మస్‌కి రెండు రోజులుందనగా నాకు అరిసెల మీద మనసు పోయింది. దుఖాన్ వైపు ఎడారిలో, చుట్టూ ఒక్క చెట్టు లేని చోట, అరిసెలు! బియ్యం నానబోసి, జనరేటర్ మీద మిక్సీ వేసి పిండి పట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, బెల్లం దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని నా రూములో అటక మీద ఉండిపోయిందని. తల బాదుకున్నాను. ఆపేవాణ్ణా నేను? మా అర్బాబ్ ఇంటి ఖర్జూరం పాకం డబ్బాలకి డబ్బాలుంది. అది పెద్ద డేక్సాలో పోసి మరిగించాను.

మా అమ్మ చూసి ఉంటే గరిట తిరగేసి కొట్టేది. ఖర్జూరం పాకం ఎంత మరిగించినా ఉండకట్టదు. అరిసె నూనెలో వేస్తే సగం విచ్చుకుపోయేది. కానీ వాసనండి! నెయ్యి, నువ్వులు, ఖర్జూరం కలిసి ఎడారంతా కమ్మేసింది. వేటవాళ్ళు పొద్దున్నే, గాలికి అడ్డం పెట్టిన ఒక్క జీపు తప్ప బళ్ళన్నీ వేసుకుని వెళ్ళిపోయారు. తుపాకులూ వాళ్ళతోనే పోయాయి. క్యాంపులో మిగిలింది ముగ్గురం. అర్బాబ్ డేరాలో కునుకు తీస్తున్నాడు, రాజన్న ప్లాస్టిక్ కాగితం మీద అరిసెలు ఒత్తుతున్నాడు, నేను వేయిస్తున్నాను.

"మా దిక్కు ఎలుగుబంటి ఆడిచ్చెటోళ్లు అస్తుండె" అన్నాడు రాజన్న ఒత్తుతూ. "బుగులువడ్డ పోరగాళ్ల మెడల ఎలుగు ఎంట్రుక తాయెత్తు గడితె మల్ల జడుసుకోకపోతుండె. నాక్కూడ గట్టిన్రు చిన్నగున్నప్పుడు. గిప్పుడు వాళ్లు అస్తలేరు. గా ఎంట్రుక ఒక్కటి దొరికితె నా బిడ్డ బుగులు పోతది."

"ఎడారిలో ఎలుగెక్కడ దొరుకుతుందిరా బాబూ, డేగ ఈకతో సరిపెట్టుకో" అన్నాను నేను. ఆ మాట నోట్లో ఉండగానే మేకులు పీకుతున్నట్టు చప్పుడైంది. కట్టెల కుప్ప వెనకనుంచి నల్లటి తలకాయ ఒకటి పైకి లేచింది.

హబీబా

ఇప్పుడు చెబుతాను, కంగారుపడకండి. మా అర్బాబ్ చిన్న తమ్ముడికి జంతువుల పిచ్చి. మా క్యాంపుకి కాస్త దూరంలోనే అతని తోట, అందులో ఒంటెలు, జింకలు. ఎవరో స్నేహితుడు నల్ల ఎలుగు పిల్లని బహుమతిగా ఇచ్చాడట. దానికి ముద్దుగా హబీబా అని పేరు పెట్టి ఇద్రీస్ చాచా అనే సూడాన్ పెద్దాయన పెంచాడు. అది పెద్దదైపోయింది. ఖర్జూరాలూ మజ్జిగా రొట్టెలూ తిని తిని బాగా ఒళ్ళు చేసింది. ఆ వేళ నా పాకం వాసనకి బోను గొళ్ళెం ఊడబీకి చక్కా నడిచి వచ్చింది. ఇదంతా తర్వాత తెలిసిందనుకోండి. అప్పుడు నాకు తెలిసింది ఒకటే, అది లేచి నిలబడింది, గుండెల మీద తెల్లటి చారతో నాకన్నా పొడుగ్గా ఉంది, నా అరిసెల వైపు చూస్తోంది.

"ఓర్నాయనో!" అన్నాను. గరిట ఎటు పోయిందో తెలీదు. మా ల్యాండ్ క్రూజర్ జీపు గాలికి అడ్డంగా పెట్టి ఉంది కదా, ఒక్క గెంతులో దాని బానెట్టూ, ఇంకో గెంతులో పైకప్పూ ఎక్కేశాను. నా వయసుకి అలా ఎక్కడం జరిగే పని కాదు, ఒట్టేసి చెబుతున్నాను.

గోలకి అర్బాబ్ డేరాలోంచి బయటికొచ్చాడు. నన్ను తిట్టడానికి వేలెత్తాడు. వేలు అలాగే ఉంది, ఎలుగుబంటి కనపడింది. అంతే, పరుగు! కదలకూడని మోకాలు ఎటు పోయిందో, జీపు పైకి నా పక్కకి వచ్చిపడ్డాడు. పడి నా చొక్కా గట్టిగా పట్టుకున్నాడు.

"ఎష్ హాదా, రత్నం?" అన్నాడు, ఇదేంటని.

"ఎలుగుబంటి అర్బాబ్" అన్నాను తెలుగులోనే. ఆయనకి బాగా అర్థమైంది.

జీపు మీద ఇద్దరం

పిల్లలూ, ఇది రాసిపెట్టుకోండి. పదిమందిలో మిమ్మల్ని పేరు పెట్టి కూడా పిలవని యజమాని జీపు పైకప్పు మీద మీ భుజం పట్టుకుని కూర్చుంటే, ఆ రోజునుంచి ఆయన మీకు బాసు కాడు, బావమరిది లెక్క. మా ఇద్దరికీ ఎంత భయం వేసిందో, రెండు నిమిషాలయ్యేసరికి అంత నవ్వొచ్చింది. ఎందుకంటే హబీబా మమ్మల్ని కన్నెత్తి చూడలేదు. నా అరిసెలన్నీ ఊదుకుంటూ తినేసింది. తర్వాత పాకం డేక్సా పక్కన చతికిలబడి, ముందు కాళ్ళతో దాన్ని ఒళ్ళోకి లాక్కుని, తల లోపల పెట్టేసింది. అప్పటికి పొయ్యి మీదనుంచి దింపి చాలాసేపైంది కాబట్టి సరిపోయింది. లేకపోతే మూతి కాలేది పాపం.

"వైర్‌లెస్!" అన్నాడు అర్బాబ్. వైర్‌లెస్ సెట్టు మా కిందే, జీపులో ఉంది. అద్దం దించే ఉంది. ఎవరు దిగుతారు? నేను ఆయన్ని చూశాను, ఆయన నన్ను చూశాడు. చివరికి నేను కిటికీలోకి తలకిందులుగా వేలాడాను, ఆయన నా కాళ్ళు పట్టుకున్నాడు. దోహాలో మా చర్చి సంఘంలో ఎవరూ ఇప్పటికీ నమ్మరు గానీ, పెద్దింటాయన నా రెండు కాళ్ళూ పట్టుకుని "యల్లా రత్నం, యల్లా!" అని, తొందరగా కానిమ్మని బతిమాలాడండి. దగ్గర్లో ఉన్న అర్బాబ్ తమ్ముడి తోటకి కబురందింది. అది తమ తోటదేనని చెప్పి ఇద్రీస్ చాచా బయల్దేరానన్నాడు.

పైకి లాగించుకుని ఊపిరి పీల్చుకున్నాక గుర్తొచ్చింది, రాజన్న ఏడీ అని.

ఒక్క వెంట్రుక

రాజన్న ఎక్కలేదు. పారిపోలేదు కూడా. పిండి చేతులతో, చెప్పులు విప్పేసి, ఎలుగుబంటి వెనకనుంచి మెల్లగా నడిచి వస్తున్నాడు!

"రాజన్నా! చస్తావురా! ఎక్కు!" అని గొంతు చించుకున్నాను.

అతను నోటి మీద వేలు పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు, మొహంలో వెలుగు. "అన్నా, దేవుడే తోలిండు దీన్ని" అన్నాడు గుసగుసగా. "నువ్వు అరవకు. గది తింటున్నది."

"మజ్నూన్! పిచ్చివాడు! ఏం చేస్తున్నాడు వాడు?" అన్నాడు అర్బాబ్ హిందీలో.

ఎలా చెప్పను? నాకొచ్చిన అరబ్బీ, హిందీ, చేతులూ అన్నీ కలిపి చెప్పాను. వాడికి చిన్న కూతురు, బింత్. వాణ్ణి చూస్తే భయం, దగ్గరికి రాదు. ఆ వెంట్రుక మెడలో కడితే భయం పోతుందని వాడి నమ్మకం. నెల తిరిగితే ఇంటికి పోతాడు. అర్బాబ్ అంతా విన్నాడు. ఆయనకీ పిల్లలున్నారు మరి. తర్వాత గొంతు తగ్గించి, వేట నేర్పేవాడిలా, "మెడ మీద వద్దు, వీపు మీద పట్టుకోమను" అన్నాడు!

సరే, మేమిద్దరం పైనుంచి సైగలు. ఎడమకి, ఎడమకి. వంగు. ఆగు. రాజన్న చెయ్యి చాచి ఒక వెంట్రుక పట్టుకుని లాగాడు. రాలేదు. హబీబా ఈగ వాలినట్టు ఒళ్ళు విదిలించింది. నేను కళ్ళు మూసుకుని యేసయ్యా అన్నాను. పక్కన అర్బాబ్ అల్లాని పిలిచాడు. కింద రాజన్న "సుజాతా, సుజాతా" అంటున్నాడు. మళ్ళీ పట్టుకున్నాడు. ఈసారి మెలిపెట్టి ఒక్క గుంజు గుంజాడు.

హబీబా తల బయటికి తీసింది. మూతంతా పాకం. వెనక్కి తిరిగింది. రాజన్న ఉన్నచోటే వెల్లకిలా పడిపోయాడు, పిడికిలి మాత్రం గుండెకి అదిమి పట్టుకున్నాడు. అది వాడి మొహం వాసన చూసింది. పిండి అంటిన ఇంకో చెయ్యి ఆ చివర్నుంచి ఈ చివరికి నాకింది. ఆ మీసం మీద పెద్దగా తుమ్మింది. తుమ్మి, మళ్ళీ డేక్సాలో తల పెట్టుకుంది.

"దొరికింది!" అని నేల మీదనుంచే అరిచాడు రాజన్న. నేనూ అర్బాబూ ఒకరినొకరు కావలించుకుని ఎగిరాం. జీపు టాపు సొట్టపడింది. తర్వాత ఎవరూ దాని గురించి అడగలేదు.

అంతలో ఇద్రీస్ చాచా పికప్పు వచ్చింది. "హబీబా!" అని ఒక్క కేక వేశాడు, కూతుర్ని బడినుంచి పిలిచినట్టు. ఆ మహాతల్లి డేక్సా వదిలేసి, తలుపు తీస్తే ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. చాచాకి సంగతంతా చెబితే నవ్వీ నవ్వీ స్టీరింగు మీద పడ్డాడు. "వెంట్రుకకోసమా? రోజూ దువ్వుతాను. దువ్వెన నిండా ఉంటాయి. సంచి నిండా పంపిస్తానుండు" అన్నాడు.

రాజన్న పిడికిలి విప్పలేదు. "ఆ ఎంట్రుకలు వద్దు చాచా. ఇది నేను గుంజిన" అన్నాడు. అర్బాబ్ మాత్రం నన్ను పక్కకి పిలిచి, ఆ దువ్వెనలోది ఒకటి తన మనవడికి తెప్పించమన్నాడు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్నాడు.

సాయంత్రం వేటవాళ్ళొచ్చాక అర్బాబ్ కథ మొదలెట్టాడు. ఆ కథలో ఆయన ఎలుగుబంటికి ఎదురు నిలబడి కళ్ళలోకి చూశాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను టీ కలపడంలో మునిగిపోయాను. బాసు వీరగాథ చెప్పేటప్పుడు వంటవాడికి ఎప్పుడూ ఏదో పనుండాలి, ఇదొకటి గుర్తుపెట్టుకోండి.

సెలవునుంచి వచ్చాక

రాజన్న వెంట్రుకని వెండి తాయెత్తులో పెట్టించుకుని వెళ్ళాడు. వాడొచ్చేదాకా నాకు వంటలో మనసు లేదంటే నమ్మండి. నేను తాయెత్తులు నమ్మేవాణ్ణి కాదు. ఒక్క వెంట్రుకకోసం ఎలుగుబంటి ముందు పడుకున్నవాడు ఉత్తచేతుల్తో తిరిగొస్తే ఎలా అని నా బెంగ. విమానం దిగి క్యాంపుకొచ్చిన రోజు బ్యాగు కూడా దించనివ్వలేదు, "ఏమైందిరా?" అన్నాను.

"తాయెత్తు కట్టనియ్యలేదన్నా. నన్ను జూడంగనే ఒకటే ఒర్లుడు" అన్నాడు.

అంటూనే నవ్వుతున్నాడు.

మొదటి వారం పిల్ల దగ్గరికి రాలేదట. ఒకరోజు వాకిట్లో చుట్టాలందరికీ హబీబా కథ చెబుతుంటే, తలుపు వెనకనుంచి చిన్న గొంతు వినపడిందట, "గప్పుడు ఎలుగు ఏం జేసింది?" అని. వీడు తల తిప్పలేదు. తిప్పితే ఏడుస్తుందని. తన తండ్రి గొంగడి పక్కనే ఉంటే నెత్తిమీదనుంచి కప్పేసుకుని, చేతులూ కాళ్ళూ నేలమీద పెట్టి, హబీబా అయిపోయాడు. ఊదాడు, తుమ్మాడు, చెంబులో మూతి పెట్టాడు. పిల్ల కిలకిలా నవ్వుకుంటూ వచ్చి జొన్నరొట్టె ముక్క నోట్లో పెట్టిందట! మనిషంటే భయం గానీ ఎలుగుబంటంటే భయం లేదు దానికి.

ఇంక చూస్కోండి, సెలవంతా వీడు ఎలుగుబంటే. పొద్దున లేస్తే గొంగడి. మధ్యాహ్నం ఎండలో గొంగడి. ఊరంతా నవ్వారట. పిల్లని వీపు మీద ఎక్కించుకుని వీధి చివరిదాకా తిరిగాడు, మోకాళ్ళు కొట్టుకుపోయాయి, నాకు చూపించాడు. గొంగడి ఎప్పుడు జారిపోయిందో ఇద్దరికీ తెలియలేదట. నాయనమ్మ చూసి చెప్పిందట, "అరె, మొఖం కనవడ్తున్నది గదరా" అని. అప్పటికి పిల్ల వాడి మెడ పట్టుకుని ఊగుతోంది. ఆ పూటే తాయెత్తు కూడా కట్టించుకుందట.

"అయితే ఆ తాయెత్తు పనిచేసినట్టే కదన్నా" అన్నాడు.

"కథ పనిచేసిందిరా, తాయెత్తు కాదు" అన్నాను. ఈ గొడవ మా ఇద్దరికీ ఇప్పటికీ తెగలేదు. మొన్న ఫోను చేసినప్పుడు కూడా పోట్లాడుకున్నాం.

"మరి బయల్దేరే రోజు ఏడ్చిందా?" అని అడిగాను.

వాడు కాసేపు బ్యాగు తాడు సర్దుకున్నాడు. ప్యాంటూ షర్టూ వేసుకుని, బ్యాగు భుజానేసుకుని గడప దాటుతుంటే పిల్ల ఉరికొచ్చి ఎత్తుకోమందట. ఎత్తుకున్నాడు. చంకలో కూర్చుని, రెండు చేతులతో వీడి జుట్టు వెతికి, ఒక వెంట్రుక పట్టుకుని మెలిపెట్టి గుంజింది. గుంజి నాయనమ్మకిచ్చి, మెడలో తాయెత్తు చూపించి, ఇది కూడా ఇందులో పెట్టమందట. బాపు దుబాయ్ పోయినప్పుడు నాకు బుగులైతది గద, అందట.

చెప్పి వాడు తల మీద ఒకచోట వేలితో తడుముకున్నాడు.

"శాన గట్టిగ గుంజిందన్నా" అన్నాడు.